పాట మనది, తాళం వాళ్లది: మ్యూజిక్ ప్రోగ్రాముల పోటీలో నష్టపోయేదెవరు?

ఫోన్‌లో తిలావత్ వినాలన్నా, రంజాన్‌లో సహరీ వేళ ఓ నాత్ పెట్టుకోవాలన్నా, మన హైదరాబాద్ వార్సీ బ్రదర్స్ ఖవ్వాలీ వినాలన్నా, పిల్లలు కొత్త సినిమా పాట పెట్టుకోవాలన్నా ఈరోజు ఏదో ఒక యాప్ గుమ్మం తొక్కాల్సిందే. సంగీతం విషయంలో మన ఇళ్లలో రకరకాల అభిప్రాయాలున్నాయి. వాటి జోలికి ఈ వ్యాసం పోదు. కానీ ఏది విన్నా అది మన చెవికి చేరేది ఒక సాఫ్ట్‌వేర్ ద్వారానే. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలు దాదాపు ముప్పై ఏళ్లుగా ఒకదానితో ఒకటి కొట్లాడుతూనే ఉన్నాయి. కోర్టులకెక్కాయి, వందల కోట్ల జరిమానాలు పడ్డాయి. ఆ కొట్లాటలో మన జేబుకూ, మనం డబ్బిచ్చి కొనుక్కున్న పాటలకూ దెబ్బ తగిలింది. అది ఎలాగో తెలుసుకుంటే నెలనెలా డబ్బు కట్టే చోట కాస్త కళ్లు తెరిచి ఉంటాం.

పోటీ మంచిదే. వీధిలో రెండు కిరాణా కొట్లుంటే ధర దిగుతుంది, సరుకు బాగుంటుంది. కానీ నా సరుకు బాగుందని చూపించి గిరాకీ తెచ్చుకోవడం వేరు, పక్క కొట్టుకు వెళ్లే దారికి అడ్డంగా రాళ్లు వేయడం వేరు. మొదటిది వ్యాపారం, రెండోది దౌర్జన్యం. సాఫ్ట్‌వేర్‌లో చిక్కేమిటంటే ఆ రాళ్లు కంటికి కనిపించవు. "అప్‌డేట్" అనే పేరుతోనో, "మీ భద్రత కోసం" అనే మాటతోనో వస్తాయి.

రెండు ప్రోగ్రాములు ఎందుకు తగువులాడతాయి?

ముందుగా సాంకేతిక సంగతి. కంప్యూటర్‌లో పాట ఒక ఫైలు. ఆ ఫైలు మీద నొక్కితే ఏ ప్రోగ్రాం తెరుచుకోవాలో కంప్యూటర్ ఒక పట్టికలో రాసి పెట్టుకుంటుంది. ఎంపీ3 ఫైలైతే ఫలానా ప్లేయర్, వీడియో అయితే ఫలానాది అని. కొత్త ప్లేయర్ ఒకటి ఎక్కించగానే అది ఆ పట్టికలోకి వెళ్లి పాతదాని పేరు కొట్టేసి తన పేరు రాసుకోగలదు. మంచి ప్రోగ్రామైతే ముందు మనల్ని అడుగుతుంది. గడుసుదైతే అడగదు. అంతకుముందు వరకూ బాగా పనిచేసిన ప్లేయర్ మర్నాటికి మొరాయిస్తుంది. కొత్తది పాతదాన్ని పక్కకు నెట్టిందని మనకు తెలియదు. "ఆ పాతది పాడైపోయింది, తీసిపారేయ్" అంటాం. నెట్టినవాడికి కావలసింది కూడా అదే.

ఇంకో కారణం ఉంది. ఒక్కో కంపెనీ పాటను తనదైన పద్ధతిలో చుట్టచుట్టి దాస్తుంది. దాన్నే ఫార్మాట్ అంటారు. ఎంపీ3ని ఎవరైనా విప్పగలరు. కొన్ని ఫార్మాట్లకు మాత్రం పైన ఒక తాళం వేస్తారు. డీఆర్‌ఎం అనేది ఈ తాళమే. పాటను దొంగతనంగా కాపీ చేయకుండా ఆపడానికి ఈ తాళం అని చెబుతారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అదే తాళం ఇంకో పని కూడా చేస్తుంది. పాట కొన్నవాడు వేరే కంపెనీ యంత్రం కొనకుండా కట్టిపడేస్తుంది.

1998లో అమెరికా సెనేట్ ముందు ఒక ప్లేయర్

ఇంటర్‌నెట్‌లో పాట పూర్తిగా దిగకముందే వినగలిగే సౌకర్యాన్ని జనంలోకి తెచ్చిన కంపెనీల్లో రియల్‌నెట్‌వర్క్స్ ముఖ్యమైనది. 1995లో రియల్ ఆడియో తెచ్చింది. దాన్ని పెట్టిన రాబ్ గ్లేజర్ అంతకుముందు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసినవాడే. 1997లో మైక్రోసాఫ్ట్ ఈ కంపెనీలో కొంత వాటా కూడా కొంది. ఏడాది తిరక్కుండానే ఇద్దరికీ చెడింది.

1998 జులైలో గ్లేజర్ అమెరికా సెనేట్ న్యాయ కమిటీ ముందుకు వెళ్లి ఓ కంప్యూటర్ పెట్టి చూపించాడు. మైక్రోసాఫ్ట్ వారి మీడియా ప్లేయర్ ఎక్కిస్తే తమ రియల్‌ప్లేయర్ సరిగ్గా పనిచేయడం మానేస్తోందని ఆయన ఆరోపణ. మైక్రోసాఫ్ట్ ఒప్పుకోలేదు. లోపం మీ ప్రోగ్రాంలోనే ఉంది, మా తప్పు కాదు అంది.

ఈ ఘటన ఇప్పటికీ గుర్తుపెట్టుకోదగ్గది. ఎందుకంటే ఇలాంటి తగువులన్నింటిలోనూ ప్రశ్న ఇదే: ఇది పొరపాటా, కావాలని చేసిందా? లోపలి కోడ్ చూడలేని మామూలు మనిషికి ఆ తేడా తెలియదు. అందుకే కంప్యూటర్ మొత్తాన్ని నడిపించే కంపెనీయే దానిమీద ఆడే ఆటలో ఆటగాడిగా కూడా దిగితే అనుమానం రాక తప్పదు. మైదానం, అంపైర్, బ్యాట్స్‌మన్ అన్నీ ఒక్కరే అయితే అవతలి టీమ్‌కు నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

అలాగని రియల్ పాలలో కడిగిన ముత్యమేమీ కాదు. ఆ రోజుల్లో రియల్‌ప్లేయర్ వాడినవారికి దాని గోల గుర్తుండే ఉంటుంది. అడగని ప్రకటనలు, వద్దన్నా తిరిగొచ్చే సందేశాలు, ఫైళ్లన్నీ తనవేనని లాక్కోవడం. 2006లో పీసీ వరల్డ్ పత్రిక అత్యంత చెత్త సాంకేతిక వస్తువుల జాబితా వేస్తే అందులో రియల్‌ప్లేయర్ రెండో స్థానంలో నిలిచింది. పెద్దవాడి చేతిలో దెబ్బతిన్నవాడు తన వాడుకరుల దగ్గర మంచివాడే అయి ఉండాలని రూలేమీ లేదు.

ఫ్రీగా ఇస్తే తప్పేంటి?

మైక్రోసాఫ్ట్ మీద యూరప్‌లో వచ్చిన కేసు మరింత పెద్దది. విండోస్ కొన్న ప్రతివారికీ మీడియా ప్లేయర్ దాంతోపాటే వచ్చేది. విడిగా డబ్బులేమీ తీసుకోలేదు. మరి ఉచితంగా ఇస్తే నేరమెలా అవుతుంది?

యూరోపియన్ కమిషన్ వాదన ఇది. ప్రపంచంలో అత్యధిక కంప్యూటర్లలో విండోస్ ఉంది. కంప్యూటర్ కొనగానే ఒక ప్లేయర్ అందులో కూర్చుని ఉంటే ఇంకొకటి వెతికి ఎక్కించుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది? పాటలు అమ్మేవాళ్లు కూడా అందరి దగ్గరా ఉన్న ప్లేయర్‌కు సరిపోయేలాగే పాటలు తయారుచేస్తారు. అలా రెండో ప్లేయర్, మూడో ప్లేయర్ సరుకు బాగున్నా ఎండిపోతాయి. పోటీదారులు పోయాక ఆ ఉచితం ఉచితంగానే ఉంటుందన్న హామీ ఏదీ?

2004 మార్చి 24న కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. సర్వర్ల విషయంలో ప్రత్యర్థులకు సమాచారం ఇవ్వకపోవడం కూడా ఆ కేసులో భాగమే. మీడియా ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మాలని ఆదేశించింది. ఆ కూర్పుకు మైక్రోసాఫ్ట్ మొదట ఎంచుకున్న పేరు "రెడ్యూస్‌డ్ మీడియా ఎడిషన్". అంటే సరుకు తగ్గించిన కూర్పు అని అర్థం. ఆ పేరు చూస్తే ఎవరు కొంటారు? కమిషన్ ఒప్పుకోలేదు. చివరికి "విండోస్ ఎక్స్‌పీ ఎన్" అని పేరు పెట్టారు. అయితే ప్లేయర్ ఉన్నదీ, లేనిదీ ఒకటే ధర! దాంతో దాదాపు ఎవరూ దాన్ని కొనలేదు. 2007 సెప్టెంబర్‌లో యూరప్ న్యాయస్థానం కమిషన్ తీర్పును చాలావరకు సమర్థించింది. కాగితం మీద కమిషన్ గెలిచింది, బజారులో మాత్రం పెద్దగా మారిందేమీ లేదు.

రియల్‌నెట్‌వర్క్స్ విడిగా 2003 చివర్లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. 2005 అక్టోబర్‌లో రాజీ కుదిరింది. నగదు, వ్యాపార ఒప్పందాలు కలిపి 76.1 కోట్ల డాలర్ల రాజీ అది. తీర్పు లేకుండానే తగువు తీరింది. కాబట్టి ఎవరిది తప్పో ఆ కోర్టు తేల్చలేదు.

ఐపాడ్ తాళానికి మారుతాళంచెవి

ఇక ఆపిల్ కథ. 2001లో ఐపాడ్ వచ్చింది. 2003 ఏప్రిల్‌లో ఐట్యూన్స్ పాటల దుకాణం తెరిచారు. పాట ఒక్కింటికి 99 సెంట్లు. దొంగ కాపీల కాలంలో జనం డబ్బిచ్చి పాట కొనడం అలవాటు చేసుకున్నారంటే ఆ దుకాణం పుణ్యమే చాలావరకు. కానీ అక్కడ కొన్న పాటకు "ఫెయిర్‌ప్లే" అనే తాళం ఉండేది. జేబులో పెట్టుకునే ప్లేయర్లలో ఆ తాళం తెరిచేది ఐపాడ్ ఒక్కటే. అటునుంచి చూస్తే, వేరే దుకాణాలు తమ తాళాలు వేసి అమ్మిన పాటలు ఐపాడ్‌లో మోగవు.

2004 జులైలో రియల్ "హార్మనీ" అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. రియల్ దుకాణంలో కొన్న పాటకు ఐపాడ్ గుర్తుపట్టే తరహా తాళాన్నే అది తొడుగుతుంది. ఇంక ఆ పాట ఐపాడ్‌లో మోగుతుంది. అంతటితో ఆగక ఆ ఆగస్టులో పాట ధరను 49 సెంట్లకు తగ్గించింది. ఆపిల్ భగ్గుమంది. ఇది హ్యాకర్ల పని అంది. ఐపాడ్ సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు మారుతుంది, రేపు మీ పాటలు మోగకపోవచ్చు అని కూడా హెచ్చరించింది. ఆ ఏడాది చివరికే ఐపాడ్ కొత్త సాఫ్ట్‌వేర్‌లో హార్మనీ పాటలు మోగడం ఆగిపోయాయి.

ఇక్కడ నష్టపోయిందెవరు? రియల్ తన లెక్కలు తను చూసుకుంది, ఆపిల్ తన లెక్కలు తను చూసుకుంది. మధ్యలో డబ్బిచ్చి చట్టబద్ధంగా పాట కొన్నవాడు, ఓ ఉదయం అప్‌డేట్ చేసుకుని, తన పాటలు మూగబోయి కూర్చున్నాడు. దొంగ ఎంపీ3 దింపుకున్నవాడికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. నిజాయితీగా కొన్నవాడికే శిక్ష పడింది.

దీని మీద 2005లోనే కాలిఫోర్నియాలో వాడుకరుల తరఫున కేసు పడింది. అది విచారణకు వచ్చేసరికి 2014 డిసెంబర్ అయ్యింది. స్టీవ్ జాబ్స్ అప్పటికే కన్నుమూశారు. 2011లో ఆయన ఇచ్చిన వాంగ్మూలం వీడియోను జ్యూరీకి చూపించారు. 35 కోట్ల డాలర్ల పరిహారం కావాలని వాడుకరుల లాయర్లు అడిగారు. పాటల కంపెనీలతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం తాళం గట్టిగా ఉంచాల్సిందే, హ్యాకర్ల నుంచి కాపాడాల్సిందే అని ఆపిల్ వాదించింది. జ్యూరీ కొన్ని గంటల్లోనే తేల్చింది: 2006లో వచ్చిన ఐట్యూన్స్ 7 నిజంగానే మెరుగైన వస్తువు, కాబట్టి అది చట్టవిరుద్ధం కాదు. ఆపిల్ గెలిచింది.

కాబట్టి పెద్ద కంపెనీ చేసే ప్రతి మార్పూ కుట్ర అనుకోవడం న్యాయం కాదు. ఆ మార్పు వల్ల వస్తువు బాగుపడిందా, లేక ప్రత్యర్థి దారి మూసుకుపోవడం తప్ప వేరే ప్రయోజనం లేదా అన్నదే చట్టం అడిగే ప్రశ్న. దానికి ఒక్కోసారి రెండు జవాబులూ నిజమే అవుతాయి. అక్కడే కేసులు చిక్కుపడతాయి.

2009లో ఇలాంటిదే ఇంకో దోబూచులాట నడిచింది. పామ్ కంపెనీ తన "ప్రీ" ఫోన్‌ను ఐట్యూన్స్‌కు తగిలిస్తే అది నేను ఐపాడ్‌నే అని చెప్పుకునేది. ఆపిల్ అప్‌డేట్ ఇచ్చి ఆపింది. పామ్ మళ్లీ దారి తెరిచింది. ఆపిల్ మళ్లీ మూసింది. ఆఖరికి యూఎస్‌బీ ప్రమాణాలు చూసే సంస్థ పామ్‌దే తప్పంది, వేరే కంపెనీ గుర్తింపు సంఖ్య వాడుకోకూడదని చెప్పింది. దారి తెరవడానికి మారువేషం వేయడం కూడా సరైన పద్ధతి కాదన్నమాట.

దుకాణం మూస్తే కొన్న పాట ఏమవుతుంది?

తాళం వేసిన పాటలకు ఇంకో ప్రమాదం ఉంది. ఆ తాళం తెరుచుకోవాలంటే కంపెనీ సర్వర్ ఎక్కడో బతికి ఉండాలి. 2008లో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్‌ఎన్ మ్యూజిక్ సర్వర్లు ఆపేస్తానని చెప్పింది. అంటే కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లు తాము కొన్న పాటలను అందులోకి మార్చుకోలేరు. జనం గోలపెట్టాక గడువు పెంచింది. అదే ఏడాది యాహూ కూడా తన పాటల దుకాణం మూసేస్తూ, కొనుగోలుదారులకు పరిహారం ఇవ్వడానికి ముందుకొచ్చింది. మైక్రోసాఫ్ట్ సంగతి ఇంకా విచిత్రం. ఇతర కంపెనీల ప్లేయర్లన్నింటి కోసం "ప్లేస్ ఫర్ ష్యూర్" అని తానే ఒక తాళం తయారుచేసింది. 2006లో తానే "జూన్" అనే ప్లేయర్ తెచ్చింది. ఆ పాటలు జూన్‌లో మోగలేదు! ఖచ్చితంగా మోగుతుంది అని పేరు పెట్టుకున్న పాటల గతి అది.

చివరికి ఈ తాళాల గొడవ పాటల కంపెనీలకే భారమయ్యింది. 2007 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి తాళాలు తీసేయమని పాటల కంపెనీలను అడిగారు. 2009 జనవరిలో ఐట్యూన్స్ పాటలన్నీ తాళం లేకుండా అమ్ముతామని ఆపిల్ ప్రకటించింది.

కొనే పాటలకు తాళం పోయింది. కానీ అంతలో పాట కొనడమే పోయింది. ఇప్పుడు మనం కొనడం లేదు, అద్దెకు వింటున్నాం. మన దగ్గరే చూడండి. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడి యూట్యూబ్ మ్యూజిక్ వచ్చింది. 2024 జనవరిలో రెస్సో వెళ్లిపోయింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. యాప్‌లో "డౌన్‌లోడ్" అని ఉన్న మీట నొక్కి దాచుకున్న పాటలు నిజానికి మన దగ్గర లేవు. యాప్ ఉన్నన్నాళ్లే అవి ఉంటాయి.

ఇప్పటి తగువు: ధర చెప్పనివ్వని గేటు

ఈనాటి పెద్ద కేసు స్పాటిఫైది. స్వీడన్ కంపెనీ. ఐఫోన్‌లో యాప్ లోపలే చందా కడితే మొదటి ఏడాది అందులో 30 శాతం ఆపిల్ తీసుకుంటుంది, తర్వాత 15 శాతం. అందుకని స్పాటిఫై కొంతకాలం ఐఫోన్ వాడుకరుల నుంచి నెలకు 9.99 బదులు 12.99 వసూలు చేసింది. 2015లో ఆపిల్ తన సొంత ఆపిల్ మ్యూజిక్‌ను 9.99కే తెచ్చింది. గేటు దగ్గర సుంకం వసూలు చేసేవాడే లోపల కొట్టు కూడా పెట్టుకున్నాడు. తన కొట్టుకు సుంకం లేదు.

స్పాటిఫై 2019 మార్చిలో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. విచారణ చివరికి ఒక్క విషయం మీద నిలిచింది. "మా వెబ్‌సైట్‌లో తక్కువ ధరకు దొరుకుతుంది" అని యాప్‌లో వాడుకరికి చెప్పడానికి కూడా ఆపిల్ ఒప్పుకోలేదు. 2024 మార్చి 4న కమిషన్ 180 కోట్ల యూరోలకు పైగా జరిమానా వేసింది. ఆపిల్ దాని మీద అప్పీలుకు వెళ్లింది. యూరప్ మ్యూజిక్ మార్కెట్‌లో సగానికి పైగా స్పాటిఫైదే, మా స్టోర్ వల్లే అంత ఎదిగి మాకు పైసా ఇవ్వడం లేదు, వాడుకరులకు నష్టం జరిగిందన్న రుజువు లేదు అని ఆపిల్ వాదన.

అమెరికాలో ఎపిక్ అనే గేమ్స్ కంపెనీ వేసిన కేసులోనూ ఇదే విషయం వచ్చింది. యాప్‌లు వాడుకరిని బయటి ధరల వైపు పంపకుండా ఆపిల్ అడ్డుకోకూడదని 2025 ఏప్రిల్‌లో జడ్జి ఇవోన్ గొంజాలెజ్ రోజర్స్ గట్టిగా ఆదేశించారు. 2014లో ఐపాడ్ కేసు విన్న జడ్జి కూడా ఈమే. ఆ ఆదేశం రాగానే స్పాటిఫై అమెరికాలో తన యాప్‌లో ధరలు చూపించడం మొదలుపెట్టింది.

మన దేశంలో ఈ సమస్య ఎక్కువగా గూగుల్‌తో వచ్చింది. మనవాళ్లలో అత్యధికుల ఫోన్లు ఆండ్రాయిడ్‌వే కదా. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా గూగుల్‌కు రెండు జరిమానాలు వేసింది. ఫోన్లలో తన యాప్‌లు ముందే పెట్టించడం వంటి వాటికి 1,337.76 కోట్ల రూపాయలు. ప్లే స్టోర్‌లో తన చెల్లింపు పద్ధతే వాడాలని యాప్‌లను బలవంతపెట్టినందుకు 936.44 కోట్లు. ఈ రెండో జరిమానాను 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ 216.69 కోట్లకు తగ్గించింది. 2024 మార్చి 1న రుసుము గొడవలో గూగుల్ కొన్ని భారతీయ కంపెనీల యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసేసింది. తెలుగులో కూడా ఆడియో కథలు వినిపించే కుకు ఎఫ్‌ఎం వాటిలో ఒకటి. కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక కొద్ది రోజుల్లోనే యాప్‌లు తిరిగొచ్చాయి. స్టోర్ నడపడానికి ఖర్చవుతుంది, రుసుము తీసుకోవడం మా హక్కు అంటుంది గూగుల్. కావచ్చు. కానీ వేరే సంత లేనిచోట రుసుము ఎంతో నిర్ణయించేది ఒక్కరే అయితే బేరమాడే అవకాశం ఎవరికుంటుంది?

బజారు మర్యాద మనకు కొత్త కాదు

యూరప్ చట్టాలు, అమెరికా జ్యూరీలు చెప్పే ఈ సంగతి మన దీన్‌లో పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఉంది. బయటినుంచి సరుకు తెచ్చే బిడారులను బజారు చేరకముందే దారిలో ఆపి కొనేయవద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) వారించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఈ మాట ఉంది. కారణం సులువే. దారిలో ఆగిన వ్యాపారికి బజారులో ధర ఎంతుందో తెలియదు. ఆ తెలియనితనమే దారిలో ఆపినవాడి లాభం. బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని వెనక్కి తీసుకునే హక్కు కూడా అమ్మినవాడికి ఇచ్చారు.

స్పాటిఫై కేసుతో పోల్చి చూడండి. అక్కడ అమ్మేవాడికి తెలియనివ్వలేదు, ఇక్కడ కొనేవాడికి తెలియనివ్వలేదు. అసలు ధర దాచి లాభం తీయడం మాత్రం రెండుచోట్లా ఒకటే. అలాగే ధర పెరగాలని సరుకు దాచే ఇహ్తికార్‌ను హదీసు పాపమంది. తూకంలో మోసం చేసేవారి గురించి ఖుర్‌ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ అనే సూరాయే ఉంది. ముస్లిం నగరాల్లో తూకాలు, ధరలు, కల్తీ చూడటానికి ముహ్తసిబ్ అనే అధికారిని పెట్టేవారు. ఈరోజు కాంపిటీషన్ కమిషన్ చేసే పనిలో కొంత ఆయన చేసేవాడు.

ఇది ఫత్వా కాదు. ఏ కంపెనీ యాప్ హలాల్, ఏది కాదు అని చెప్పడం మన పని కాదు. వ్యాపారంలో గెలవడం తప్పు కాదు, దారి మూసి గెలవడం తప్పు అన్న న్యాయం మన ఇంటి మాటే అని గుర్తుచేయడం మాత్రమే.

ఇంట్లో మనం చేయగలిగినవి

కోర్టు తీర్పులు పదేళ్లకు వస్తాయి. ఈలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని:

1. చందా కట్టేముందు ధర రెండుచోట్ల చూడండి. యాప్‌లో ఒకసారి, ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఒకసారి. ముఖ్యంగా ఐఫోన్‌లో కొన్ని సేవలకు తేడా ఉంటుంది. అకౌంట్ ఒకటే కాబట్టి వెబ్‌సైట్‌లో కట్టి ఫోన్‌లో వినొచ్చు.

2. ఆటోపే మీద కన్నేసి ఉంచండి. పిల్లలు "మొదటి నెల ఫ్రీ" చూసి నొక్కితే రెండో నెల నుంచి డబ్బు కోత మొదలవుతుంది. మీ యూపీఐ యాప్‌లో మ్యాండేట్లు అనే చోటికి వెళ్లి ఎవరెవరికి అనుమతి ఇచ్చారో చూసి, వద్దనుకున్నవి ఆపేయండి. యాప్‌ను ఫోన్ నుంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు.

3. ఇంటికి విలువైనవి మామూలు ఎంపీ3 ఫైళ్లుగా దాచండి. దాదా, నానా గొంతులో రికార్డు చేసిన దువాలు, మదరసాలో పిల్లల ఖిరాత్, మీరు సొంతంగా రికార్డు చేసుకున్న మిలాద్ నాత్‌లు. వీటిని ఏ ఒక్క యాప్ లోపలా వదిలేయకండి. మామూలు నాణ్యతలో నిమిషం ఆడియోకు సుమారు 1 ఎంబీ పడుతుంది. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో దాదాపు 500 గంటలు పడతాయి. రెండు కాపీలు చేసి ఒకటి వేరే ఇంట్లో ఉంచితే ఇంకా మంచిది.

4. తాళాలు పగలగొట్టే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీయడం నేరం, జైలు శిక్ష కూడా ఉంది. పైగా అలాంటి ప్రోగ్రాముల్లో వైరస్‌లుంటాయి.

5. కొత్త ప్లేయర్ ఎక్కించేటప్పుడు "తర్వాత, తర్వాత" అని నొక్కుకుంటూ పోకండి. అన్ని ఫైళ్లకూ నన్నే డీఫాల్ట్‌గా పెట్టు అని అడిగే గడి అక్కడే ఉంటుంది. పాత ప్లేయర్ హఠాత్తుగా మొరాయిస్తే దాన్ని తీసేయకముందు సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ యాప్ ఏదో చూడండి.

6. డబ్బు పోయిందనిపిస్తే ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. రసీదు, స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి.

వీటన్నిటికీ ముందు ఒక్క ప్రశ్న అడిగితే చాలావరకు సంగతి తేలిపోతుంది: రేపు ఈ కంపెనీతో పొసగకపోతే నా పాటలు, నా జాబితాలు, నా డబ్బు తీసుకుని బయటికి పోగలనా? పోగలిగితే ఆ కంపెనీ మనల్ని తన సరుకు మంచితనంతో నిలుపుకుంటోందని అర్థం. పోలేకపోతే అది తలుపుకు గడియ వేసి నిలుపుకుంటోంది. గడియ లోపలినుంచి ఉందో బయటినుంచి ఉందో చూసుకున్నాకే డబ్బు తీయండి.